ప్రాజెక్టు అంటే ఆనకట్టే

మాచర్ల వైపు వెళ్లే బస్సులో ఎవరైనా "ప్రాజెక్టు కాడ దిగుతా" అంటే కండక్టరు ఏ ప్రాజెక్టని అడగడు, టికెట్టు కొట్టి చేతికిస్తాడు. ఆ దారిలో నాగార్జునసాగర్ ఒక్కటే ప్రాజెక్టు. అదే మాట మాదాపూర్‌లో వినబడితే అర్థం వేరు. అక్కడ ప్రాజెక్టు అంటే అమెరికాలోని ఏ బ్యాంకుకో బీమా కంపెనీకో రాసిపెట్టే సాఫ్ట్‌వేరు. అది దొరికినవాడు హుషారుగా తిరుగుతాడు, దొరకనివాడు 'బెంచి మీద' కూర్చుంటాడు. తెలుగు పల్లెల్లోకి మాత్రం ఈ మాట కంప్యూటర్లకంటే చాలా ముందే నీళ్లతో పాటు వచ్చింది. తుంగభద్ర ప్రాజెక్టు, సాగర్ ప్రాజెక్టు, శ్రీశైలం ప్రాజెక్టు... మూడు తరాలుగా రైతు నోట ప్రాజెక్టు అంటే నదికి అడ్డంగా లేచిన గోడ.

రైతు అర్థం మొరటుదేమీ కాదు. పనికి హద్దు గీయడం, అంచనా వేయడం, గడువు పెట్టడం, మనుషుల్నీ సామాన్నీ సమకూర్చడం, ఏం మునుగుతుందో ముందే ఊహించడం, అయ్యాక అప్పగించడం... ఇవాళ ప్రాజెక్టు మేనేజర్లు సర్టిఫికెట్ పరీక్షకు బట్టీ పట్టే అధ్యాయాలన్నీ గోదావరి మీద ఆనకట్ట కట్టిన ధవళేశ్వరం రాతి గుట్టల దగ్గర 1847లోనే కనిపిస్తాయి. అప్పటికి వాటికి పేర్లు లేవు, అంతే.

ఆ కథ మొదలయ్యేది కరువుతో. 1832-33, నందన నామ సంవత్సరం. గుంటూరు సీమను ఊడ్చిపెట్టిన ఆ కరువుకు ఏడాది పేరే పేరైంది. 1839లో తుపాను వచ్చి సముద్రాన్ని కోరంగి మీదికి తోసింది. అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7.38 లక్షలు, 1841 నాటికి 5.61 లక్షలు. ఇరవై ఏళ్లలో నలుగురిలో ఒకరు లెక్కలోంచి జారిపోయారు. చచ్చినవాళ్లు చావగా, మిగిలినవాళ్లలో ఎందరో వలసపోయారు. ఇంతా చేసి ఊళ్ల పక్కనే గోదావరి, ఏటా ఒడ్లు ఒరుసుకుంటూ సముద్రంలో కలిసిపోతూనే ఉంది. జనం లేకపోతే సాగు లేదు, సాగు లేకపోతే శిస్తు లేదు. ఈస్టిండియా కంపెనీ దొరలను కదిలించింది చావులకంటే ఈ శిస్తు పద్దేనని అనుకుంటే పెద్ద తప్పేమీ కాదు. జిల్లా దుస్థితి మీద 1844లో సర్ హెన్రీ మాంట్‌గోమరీ నివేదిక ఇచ్చాడు. అదే కాలంలో గోదావరి పొడవునా తిరిగి కొలతలు తీస్తున్న ఇంజినీరు ఆర్థర్ కాటన్.

కాటన్‌కు నదిని అడ్డగించడం కొత్త కాదు. 1836లో తంజావూరు సీమలో కొల్లిడం మీద ఆనకట్టలు కట్టి వచ్చాడు. అక్కడే ఆయనకు అసలు పాఠం దొరికింది. కరికాల చోళుడి పేరుతో నిలిచిన కల్లణై, అంటే రాతి ఆనకట్ట, రాతి పునాది మీద లేదు. ఇసుకలో రాళ్లు దింపుకుంటూ పోయి, అవి కుంగినచోట మళ్లీ రాళ్లు వేసి, నది తానే సర్దుకునేదాకా ఓపిక పట్టి కట్టిన కట్ట అది. లోతు తెలియని ఇసుకలో పునాది నిలబెట్టే విద్య ఈ దేశపు పాతవాళ్ల దగ్గరే నేర్చుకున్నామని కాటన్ తర్వాత దాపరికం లేకుండా రాసుకున్నాడు. ఇంగ్లిషువాళ్లు పని నేర్చుకున్నచోటే దాని పేరునూ తీసుకున్నారు. తమిళపు 'అణైకట్టు' వాళ్ల నిఘంటువుల్లోకి 'అనికట్'గా ఎక్కింది.

ధవళేశ్వరాన్నే ఎందుకు ఎంచుకున్నారో అక్కడికి వెళ్లి చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కొండల మధ్య నుంచి బయటపడిన గోదావరి అక్కడ పాయలుగా విప్పుకుంటుంది, డెల్టా తల అదే. ఒడ్డునే రాతిగుట్ట ఉంది. నది మధ్యలో లంకలున్నాయి. లంకలతో కలిపితే ఆ చోట నది వెడల్పు నాలుగు మైళ్ల దాకా ఉంటుంది. లంకలు తీసేస్తే నిజంగా కట్టాల్సిన గోడ రెండుంబావు మైళ్లు. అదీ ఒకే గోడ కానక్కర్లేదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు పాయలు, నాలుగు ముక్కలు. ఒక్కో ముక్కకు వేరే ముఠా, వేరే రాతి కుప్పలు, వేరే లెక్క. పెద్ద పనిని చేతికి లొంగే ముక్కలుగా విడగొట్టడాన్ని ఇప్పటి పాఠ్యపుస్తకాలు చెట్టు కొమ్మల్లాంటి బొమ్మతో చూపిస్తాయి. ఇక్కడ ఆ బొమ్మను నదే గీసిపెట్టింది.

ఇక అంచనా. ఆనకట్టకు కాటన్ వేసిన లెక్క దాదాపు 4.75 లక్షల రూపాయలు. లండన్‌లోని డైరెక్టర్లు 1846లో ఊ అన్నారు. 1852లో పని ముగిసేనాటికి ఖర్చు 15 లక్షల దాకా వెళ్లింది. మూడింతలు! కాటన్‌ను దేవుడిగా కొలిచే గోదావరి జిల్లాల్లో ఈ అంకెను ఎవరూ పెద్దగా తలుచుకోరు. తలుచుకోవాల్సిన అంకె అది. మొదటి లెక్క వేసినప్పుడు ఎదురుగా ఉన్నది నదిలో గోడ ఒక్కటే. గోడతో పాటు తూములు కావాలి, పడవలు దిగడానికి లాకులు కావాలి, వరద ఊళ్ల మీద పడకుండా కరకట్టలు కావాలి, నీరు పొలానికి చేరడానికి కాలువలు కావాలి. పని పెరిగేకొద్దీ లెక్కా పెరిగింది. ఇంకో అనుమానం కూడా కలగక మానదు. 15 లక్షలని మొదటే చెప్పి ఉంటే లండన్‌లో సంతకం పడేదా? తక్కువ చెప్పి మొదలుపెట్టడం, సగం కట్టాక ఆపలేని స్థితికి తేవడం అనే చిట్కా అంచనాలు రాసేవాళ్లందరికీ తెలుసు. కాటన్ అలా చేశాడని చెప్పడానికి ఆధారమేమీ లేదు. అలా చేసినవాళ్లు ఆయన తర్వాత కోకొల్లలు.

గడువు సంగతికొస్తే అది కాటన్ చేతిలోనూ లేదు, మద్రాసు ప్రభుత్వం చేతిలోనూ లేదు. జూన్ నడుమకొచ్చేసరికి గోదావరి ఎర్రబడుతుంది. మళ్లీ ఇసుక తిన్నెలు తేలేది కార్తీకం దాటాకే. నదిలో దిగి పనిచేయడానికి ఏడాదిలో దొరికేది అయిదారు నెలలు. ఆ నెలల్లో చేసింది వరద నాటికి నిలబడే దశకు చేరాలి. చేరకపోతే చేసింది కూడా కొట్టుకుపోతుంది, తెచ్చిన రాయి ఇసుకలో కలిసిపోతుంది. అందుకే వరద ఉన్నంతకాలం ఒడ్డున పని ఆగేది కాదు. గుట్ట నుంచి రాయి తీయడం, దాన్ని నది దాకా చేర్చడానికి పట్టాల దారి వేయడం, పడవలు కట్టడం, సున్నపు బట్టీలు కాల్చడం. నీరు తగ్గిన రోజునే ముఠాలు నదిలో దిగాలంటే సామాను అప్పటికే సిద్ధంగా ఉండాలి.

ఆ సామానులో ఒక్క సున్నాన్నే దగ్గరగా చూస్తే చాలు, మిగతాది తెలిసిపోతుంది. కాల్చిన సున్నపురాయిని అప్పటికప్పుడు వాడలేరు. నీళ్లు చల్లి విరియనివ్వాలి, జల్లించాలి, ఇసుక కలపాలి. తర్వాత గానుగలో పోయాలి. నేలలో గుండ్రంగా తవ్విన రాతి కాలువ, అందులో దొర్లే రాతి చక్రం, చక్రాన్ని ఈడ్చే ఎద్దుల జత. ఎద్దులు తిరుగుతూనే ఉండాలి, సున్నం వెన్నలా అయ్యేదాకా. గానుగ ఆగితే తాపీ ఆగుతుంది, తాపీ ఆగితే నదిలో నిలబెట్టిన రాయి వదులుగా మిగులుతుంది. అంటే ఒక ఎద్దుకు జబ్బు చేస్తే గోదావరి మధ్యలో ఓ మేస్త్రీ చేతులు కట్టుకు కూర్చోవాలన్నమాట. ఒక పని మరొక పని మీద ఎలా వేలాడుతుందో గానుగ దగ్గర నిలబడ్డ కుర్రవాడికి కూడా తెలిసేది.

నదిలో పునాదులుగా బావులు దింపారు. ఇసుక మీద గుండ్రటి కట్టడం నిలిపి, లోపలి ఇసుక తోడేకొద్దీ అది తన బరువుతో తానే దిగుతుంది. చాలినంత దిగాక లోపల నింపి, పైన గోడ లేపుతారు. గోడకు దిగువన, పైనుంచి పడే నీరు ఇసుకను తవ్వుకుపోకుండా, వెడల్పుగా బండరాళ్లు పరుస్తారు. ఏ వరదకో ఆ రాళ్లు కుంగుతాయి. కుంగినచోట మళ్లీ వేస్తారు. కొల్లిడంలో నేర్చిన విద్యే ఇది.

మనుషులు? పదివేల మంది కూలీలు, వాళ్లతో పాటు వడ్రంగులు, కమ్మర్లు, తాపీవాళ్లు, సైన్యం నుంచి వచ్చిన సాపర్లు. పదివేల మంది ఒక్కచోట చేరితే అది ఊరు కాదు, పట్టణం. బియ్యం అంగడి, తాగునీరు, కలరా భయం, కూలి పంచే రోజున చిల్లర నాణేలు... ఇవేవీ ఇంజినీరింగ్ కళాశాలలో చెప్పరు. ఈ పక్కనంతా మోసినవారిలో వీణెం వీరన్న పేరు ఒక్కటి చరిత్రలో మిగిలింది. ధవళేశ్వరం పనుల్లో కాటన్‌కు కుడిభుజంగా నిలిచి, సబ్ ఇంజినీరు హోదాకు ఎదిగి, రాయ్ బహద్దూర్ బిరుదు అందుకున్నాడు. దొరకూ కూలీకీ మధ్య భాష తెలిసిన మనిషి, లెక్క తెలిసిన మనిషి, ఊళ్లలో పరపతి ఉన్న మనిషి ఒకడు లేకపోతే ఎంత గొప్ప నక్షా అయినా కాగితం దాటదు. గోదావరి జిల్లాల్లో కాటన్ విగ్రహాలు వీధివీధినా ఉన్నాయి. వీరన్నకు ఆ వాటా దక్కలేదు.

పని మొదలైన మరుసటి ఏడాదే, 1848లో, కాటన్ ఆరోగ్యం పాడైంది. సెలవు మీద దేశం వదిలి వెళ్లాల్సి వచ్చింది, తిరిగొచ్చింది 1850లో. నదిలో సగం కట్టిన గోడ, ఎదురుగా వరదలు, పెద్ద దిక్కు లేడు. పని ఆగిందా? లేదు. కెప్టెన్ ఓర్ అనే మరో ఇంజినీరు బాధ్యత తీసుకుని కొనసాగించాడు. కాటన్ గొప్పతనాన్ని ఎవరైనా కొలవాలనుకుంటే కొలవాల్సింది ఇక్కడే అనిపిస్తుంది. తాను లేకపోయినా నడిచేలా పనిని అమర్చి వెళ్లగలిగాడు. ఈ ఓర్‌నే తర్వాత బెజవాడ పంపారు. 1852లో మొదలుపెట్టి 1855 నాటికి కృష్ణ మీద ఆనకట్ట కట్టింది ఆయనే. ధవళేశ్వరంలో చేతికి అలవాటైన పని బెజవాడలో మూడేళ్లలో తెమిలింది.

కాలువల వైపు పని అంతకంటే చిత్రం. కోనసీమలో నాగరం లంకకు నీరివ్వాలంటే గోదావరి పాయ ఒకటి అడ్డం. ఆ పాయ మీదుగా కాలువనే దాటించారు. పి.గన్నవరం దగ్గర ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పున 49 కమానులు కట్టి, వాటి నెత్తిన నీళ్లు పారించాడు హేగ్ అనే యువ ఇంజినీరు. కింద నది, పైన కాలువ, కాలువలో పడవ. మొదటి 4.75 లక్షల లెక్కలో ఇలాంటిది ఉందా అని అడిగితే ఎవరైనా నవ్వుతారు.

ఈ పనులన్నిటి నుంచి తెలుగు నేలకు మిగిలిన మరో వారసత్వం ఒక పుస్తకం. గట్టి అట్ట, పేజీలకు వరుస అంకెలు, చింపడానికి వీల్లేదు, దిద్దితే సంతకం పెట్టాలి. ఓవర్సీర్ల భాషలో 'ఎం బుక్', అంటే మెజర్‌మెంట్ బుక్. పేజీ మీద గడులు: పని వివరం, ఎన్ని, పొడవు, వెడల్పు, లోతు, మొత్తం. ఫలానా మైలు రాయి దగ్గర మట్టి తవ్వకం, ఒకటి, వంద అడుగులు, పన్నెండు, మూడు. 3,600 ఘనపుటడుగులు. కింద సంతకం. పైఅధికారి వచ్చి కొన్నిచోట్ల మళ్లీ టేపు పట్టి చూస్తాడు, దాన్ని చెక్ మెజర్‌మెంట్ అంటారు. ఎం బుక్కులో ఎక్కని పనికి పైసా రాదు. ఎంత ఖర్చయిందన్నది కాకుండా ఖర్చుకు ఎంత పని లేచిందన్నది చూడాలని ఇప్పటి మేనేజ్‌మెంట్ పండితులు చెప్పే సూత్రం ఈ గడుల్లో ఎప్పటినుంచో ఉంది. కొలవకుండానే ఎక్కిన మట్టి, నదిలో ఎన్నడూ పడని రాయి కూడా ఈ పుస్తకాల్లోనే ఉన్నాయి. కాలువ పూడిక తీసినట్టు లెక్క చూపడానికి కాలువలో నీళ్లు వచ్చేదాకా ఆగి బిల్లు పెట్టే కాంట్రాక్టరు మీద జోకులు డెల్టాలో ప్రతి టీ కొట్టు దగ్గరా దొరుకుతాయి. నీళ్ల కింద టేపు పట్టేదెవరు?

ఈ పద్ధతులకు పేర్లు వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలో. పోలండ్ ఇంజినీరు కరోల్ ఆడమియెట్స్కీ 1896లోనే పనుల వరుసను గీతల్లో చూపించాడు గానీ, ఆయన భాష దాటి ఎవరికీ అందలేదు. 1910ల్లో అమెరికాలో హెన్రీ గాంట్ అడ్డగీతల పట్టీలు ప్రచారంలోకి తెచ్చాడు. ఎడమవైపు పనుల జాబితా, పైన తేదీలు, ఒక్కో పనికి ఒక్కో గీత. ఇప్పటికీ ఏ సైటు ఆఫీసు గోడ మీద చూసినా కనిపించేది అదే. కానీ గీతలు ఒక విషయం చెప్పలేవు. ఈ గీత జరిగితే ఏ గీత జరుగుతుంది?

దానికి జవాబు 1957లో వచ్చింది. డ్యూపాంట్ రసాయనాల కంపెనీ మోర్గాన్ వాకర్, రెమింగ్టన్ రాండ్ కంపెనీ జేమ్స్ కెల్లీ కలిసి యూనివాక్ కంప్యూటర్ మీద కట్టిన పద్ధతికి తర్వాత క్రిటికల్ పాత్ అని పేరు స్థిరపడింది. తెలుగింట్లో పెళ్లి చేసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. ముహూర్తం అటూ ఇటూ జరగదు. శుభలేఖలు అచ్చు వేయించాలి, పంచాలి. పందిరి ఒక్క రోజు పని, వంటవాళ్లకు ముందు రోజు సరుకులు చాలు. పట్టుచీర కొనడం ఒక పూట, కానీ చీర వచ్చాకే జాకెట్టు కొలతలు, జాకెట్టు టైలరు చెప్పిన నాటికి రాదు. అలా చూసుకుంటూ పోతే ఏ దారి అన్నిటికంటే పొడుగో, దేని మీద ఒక రోజు జారితే ముహూర్తానికే ఎసరు వస్తుందో, అదే క్రిటికల్ పాత్. చాలా ఇళ్లలో అది టైలరు కొట్టు మీదుగానే పోతుంది. 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కోసం పెర్ట్ అనే పద్ధతి తెచ్చింది. అందులో ప్రతి పనికీ మూడు లెక్కలు వేస్తారు. అన్నీ కలిసొస్తే ఎన్నాళ్లు, మామూలుగా ఎన్నాళ్లు, అన్నీ అడ్డం తిరిగితే ఎన్నాళ్లు. మూడూ కలిపి సగటు తీస్తారు, మామూలు లెక్కకు నాలుగింతల విలువిచ్చి. 1969లో ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ పుట్టింది, ఆ తర్వాత సర్టిఫికెట్లు, అమీర్‌పేటలో కోచింగులు.

యూనివాక్ ఆ లెక్కలు వేస్తున్న సంవత్సరాల్లోనే కృష్ణ మీద నందికొండ దగ్గర నాగార్జునసాగర్ కోసం మనుషులు తలల మీద రాళ్లు మోస్తున్నారు. జమీందారు ముక్త్యాల రాజా ఏళ్ల తరబడి తిరిగి తిరిగి సాధించిన చోటు అది. 1952లో ప్రాజెక్టును పరిశీలించిన ఖోస్లా కమిటీ అనుకూలంగా చెప్పింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. చీఫ్ ఇంజినీరు మీర్ జాఫర్ అలీ. గోడ కాంక్రీటుదా, రాతిదా అన్నది అప్పట్లో పెద్ద చర్చ. కాంక్రీటుకు విదేశీ యంత్రాలు కావాలి, యంత్రాలకు విదేశీ మారకం కావాలి, 1957-58 నాటికి దేశం దగ్గర అది అడుగంటింది. రాయి కొండల్లో ఉంది. చేతులు చుట్టుపక్కల జిల్లాల నిండా ఉన్నాయి. రాతికట్టడానికే మొగ్గారు. సిమెంటు దూరం నుంచి మోయనక్కర్లేకుండా మాచర్లలో కె.సి.పి. ఫ్యాక్టరీ 1958లో మొదలైంది. నాలుగు వందల పైచిలుకు అడుగుల ఎత్తు, దాదాపు మైలు పొడవున్న రాతి గోడ, నెత్తిన 26 గేట్లు. ప్రపంచంలో రాతితో కట్టిన ఆనకట్టల్లో ఇంత పెద్దది లేదని చెప్పుకుంటారు. ఏ యంత్రం తెచ్చుకోవచ్చో చూసి నక్షా గీయడం మామూలు. ఇక్కడ ఏం లేదో చూసి నక్షా గీశారు. ఆ నిర్ణయాన్ని పేదరికం అనేవాళ్లున్నారు. పదుల వేల మందికి పదేళ్లకు పైగా పని దొరికిందని గుర్తుచేస్తే వాళ్లు కాస్త తగ్గుతారు.

ఆ పనిచేసినవాళ్ల పాత ఫొటోలు ఇప్పటికీ ఒళ్లు జలదరింపజేస్తాయి. గోడ పెరిగేకొద్దీ దానితో పాటే పెరిగే కర్రల పరంజాలు, వంకరటింకర బాటలు. చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని తలచుట్ట మీద తట్ట పెట్టుకుని వరుసగా ఎక్కుతున్న ఆడవాళ్లు. కింద లోయ. వాళ్లలో చాలామంది పాలమూరు మనుషులు. పాలమూరు లేబర్ అంటే దేశంలో ఆనకట్టలు కట్టే కాంట్రాక్టర్లందరికీ తెలుసు. గుంపు మేస్త్రీ ఊళ్లోకి వచ్చి ఇంటింటికీ అడ్వాన్సు ఇస్తాడు. ఆ అప్పు తీరేదాకా ఆలుమగలు ఆయన వెంట నడవాలి. ఎక్కడ పని, ఎన్నాళ్లు, రోజుకు ఎంత అన్నది ఆయన చెప్పిందే లెక్క. వనరుల కేటాయింపు అనే చక్కటి మాట వెనక ఆ రోజుల్లో ఉన్నది ఈ మేస్త్రీ చేతి పుస్తకం. పరంజాల మీంచి పడి, రాళ్ల కింద నలిగి ప్రాణాలు పోయినవాళ్లు ఎందరో ఉన్నారు. ఇంజినీర్లు ఉన్న హిల్ కాలనీ, పైలాన్ కాలనీ ఇప్పటికీ ఊళ్లుగా ఉన్నాయి. కూలీల గుడిసెలు పని అయిన మర్నాడే లేచిపోయాయి.

సాగర్‌లో మరో పని సమాంతరంగా నడిచింది. దాని గడువు గోడ గడువుకు సరిగ్గా ఎదురుతిరిగింది. గోడ ఎంత త్వరగా లేస్తే ఆ పనికి అంత తక్కువ కాలం. మునగబోయే లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దాల నాటి స్తూపాలు, విహారాలు, స్నానఘట్టం, ఆటల ప్రాంగణం. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు శాఖ లోయ మొత్తాన్ని తవ్వి చూసింది. వందకు పైగా చోట్ల తవ్వకాలు. తవ్వకమంటే బ్రష్షులతో దుమ్ము దులుపుతూ అంగుళం అంగుళం దిగే పని, ఆదరాబాదరా పనికిరాదు. ఇక్కడ మాత్రం నీరు వెంట తరుముతోంది. అన్నీ కాపాడలేమని తెలిసిపోయింది. ఏది ఎత్తి తీసుకెళ్లాలి, దేనికి నమూనా కట్టాలి, దేన్ని కొలతలు రాసుకుని వదిలేయాలి? తొమ్మిది కట్టడాలను ఇటుక ఇటుకగా విప్పి కొండ మీదికీ, ఒడ్డు మీదికీ చేర్చి తిరిగి కట్టారు. పద్నాలుగింటికి నమూనాలు నిలిపారు. మిగిలినవాటి మీద ఇప్పుడు పడవలు తిరుగుతున్నాయి. నాగార్జునకొండ దీవి మీది మ్యూజియం 1966లో తెరుచుకుంది. మరుసటి ఏడాది, 1967 ఆగస్టు 4న, ఇందిరాగాంధీ కుడి ఎడమ కాలువలకు నీళ్లు వదిలింది. గేట్ల పనులూ, కాలువల తవ్వకాలూ ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి సాగాయి. కుడి కాలువ 203 కిలోమీటర్లు, ఎడమ కాలువ 178. తల దగ్గరి రైతుకు ప్రాజెక్టు 1967లో అయిపోయింది. చివరి భూముల రైతుకు కొన్ని ఏళ్లలో అది ఇప్పటికీ పూర్తి కానట్టే.

ధవళేశ్వరంలో కాటన్ గోడ నూట ఇరవై ఏళ్లకు పైగా మోసింది. 1970ల్లో దాని స్థానంలో బ్యారేజీ మొదలై 1982 నాటికి పూర్తయింది. 175 గేట్లు, కాటన్ పేరే. డెల్టా కాలువలు మాత్రం చాలాచోట్ల ఆనాటి బాటలోనే పారుతున్నాయి. డ్యూపాంట్ వాళ్లు క్రిటికల్ పాత్ పద్ధతిని తమ ఫ్యాక్టరీని బాగుచేయడానికి ఆపిన రోజుల మీద వాడి, 125 గంటల పనిని 93 గంటలకు తెచ్చారు. డెల్టాలో అలాంటి ఆపుదల ఏటా వస్తుంది. ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు. కట్టేసే ముందే ఊరి చెరువులన్నీ నింపుకోవాలి, లేకపోతే రెండు నెలలు తాగడానికి నీళ్లుండవు. కట్టేశాక పూడిక తీయాలి, గుర్రపుడెక్క లాగేయాలి, లాకుల తలుపులకు మరమ్మతు చేసి గ్రీజు పెట్టాలి, తూములు బాగుచేయాలి. నిధుల ఉత్తర్వు ఆలస్యం, టెండరు ఆలస్యం, కాంట్రాక్టరు మే నడుమ యంత్రం దించుతాడు. ఇంకో పది రోజులు ఆగి నీళ్లు వదలండి అని ఆయన ఇంజినీర్ల చుట్టూ తిరుగుతాడు. నారుమళ్లకు ఆలస్యమైతే కోతలు తుపాన్ల వేళకు పడతాయని రైతులు తొందరపెడతారు. నీరు ఆలస్యం కావడం, పంట తుపాను పాలు కావడం, గిట్టుబాటు లేకపోవడం అన్నీ కలిసి 2011లో కోనసీమ రైతులు సార్వా మానేసి పంట విరామం ప్రకటించారు కూడా. జూన్ వస్తుంది. తేదీ ప్రకటిస్తారు. ధవళేశ్వరం హెడ్ స్లూయిజు దగ్గర పసుపు కుంకుమలు చల్లి, కొబ్బరికాయ కొట్టి, లస్కరు చక్రం తిప్పుతాడు. ఎర్రనీరు బుసకొడుతూ కాలువలోకి దూకుతుంది. కింద ఎక్కడో సగం తీసిన గుర్రపుడెక్క గట్టు మీది కుప్పలోంచి జారి, మళ్లీ నీళ్లలో తేలి, దిగువ లాకు వైపు కదులుతుంది.